అరచేతంత అక్షరాలు

కంట్లో కండ పెరిగిందన్నారు.
రెక్కలాగా, తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు వైపుకి.
ముప్పై ఏళ్ళు ఈ జలసంధి గాలికి మొహం పెట్టి నిలబడితే
పుంతా అరేనాస్‌లో ఇదేం వింత కాదట.
కోసి తీసేసి,
పై రెప్ప చాటు నుంచి చిన్న పొర తెచ్చి అతికించి
మధ్యాహ్నానికల్లా ఇంటికి పొమ్మన్నారు.

కంట్లో గుప్పెడు ఇసక.
అద్దంలో ఉడకబెట్టిన బీట్‌రూట్ ముక్క.
వంగొద్దు, రుద్దొద్దు,
తెర కాసేపు చూడొచ్చు, కాసేపే, అన్నాడు డాక్టరు
కాసేపంటే ఎంతో చెప్పకుండా.

నా బతుకేమో తెరల్లోనే.
రేవు ఆఫీసులో గాలి అంకెలు చూడ్డం,
గంటకి ఎనభై కిలోమీటర్లు దాటితే
పడవ ఆగిందని నోటీసు కొట్టడం.
పడవ ఆగితే అవతలి ఒడ్డున పొర్వెనీర్‌లో
పెళ్ళిళ్ళు ఆగుతాయి,
పంటి నొప్పులు ఆగవు.

సాయంత్రం యెర్కో వచ్చాడు.
పక్కింటి కుర్రాడు, వడ్రంగం నేర్చుకుంటున్నాడు.
నన్ను కూర్చోబెట్టి కొలత తీశాడు:
"మూరెడు చాలదు, చెయ్యి పూర్తిగా చాపండి, అంత దూరం."
తెరని చూపుకి కాస్త కిందికి దించాడు,
కన్ను సగం వాలి ఉంటే తొందరగా ఆరిపోదని.
కిటికీకి దుప్పటి కట్టాడు.
వెలుగు తగ్గిస్తూ, తగ్గిస్తూ
"ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అని అడిగాడు
చెప్పుల కొట్టువాడు బొటనవేలు నొక్కి అడిగినట్టు.

చివరికి అక్షరాలు పెంచాడు.
అరచేతంత.
తెరకి నాలుగు మాటలే పడతాయి.
నేనేం గుడ్డిదాన్నా అన్నాను.
"కాదు, తొందర మనిషి" అన్నాడు.
రెప్ప వెయ్యడం మర్చిపోతానని
తెర అంచుకి పసుపు కాగితం అంటించి వెళ్ళాడు.
దాని మీద ఒకటే మాట: రెప్ప.

మూడు రోజులు, సెలవైనా సరే, గాలి అంకెలే చూశాను.
అంత పెద్ద అక్షరాల్లో అరవై ఎనిమిది
నా గదిలోకే వీచినట్టుంది.

నాలుగో రోజు వేలు జారి
జూన్ నెల మెసేజి తెరుచుకుంది.
ఎదెల్మీరాది. నా చెల్లెలు. అవతలి ఒడ్డు.
తన అరవయ్యో పుట్టినరోజున
పడవ ఆగిందని నోటీసు కొట్టింది నేనే.
తొంభై ఏడు. అబద్ధం కాదు.
ఆ రాత్రి తను రాసింది
ఫోనులో, ఆవగింజ అక్షరాల్లో,
బస్సు కోసం నిలబడి ఒక్క గుక్కలో మింగాను.
మొదటి మాటలే గొంతుకి అడ్డం పడ్డాయి.
ఐదు నెలలుగా కంట్లో నలుసు అదే,
ఏ డాక్టరూ తియ్యనిది.

ఇప్పుడు తెర మీద:

    నువ్వు నన్ను మూసేశావని

ఆగాను.
చుక్కలు వేసుకుని, కన్ను మూసుకుని
కెటిల్ కూత వేసేదాకా కూర్చున్నాను.
కిందికి జరిపితే

    అనుకున్నా గానీ, మేడ మీంచి

రెప్ప.

    చూస్తే అలలు తెల్లగా లేచాయి.

రెప్ప. రెప్ప.

    రాలేదు, బతికావు, అదే చాలు.

ఇదెప్పుడు రాసింది?
ఇదీ ఆ రాత్రిదేనా?
కింద ఇంకా ఉంది.

    నీ కుర్చీకి నా కోటు

    తొడిగి కేకు కోశాను, అక్కా.

ఏడవొద్దని డాక్టరు చెప్పలేదు.
కుట్టు మీద ఉప్పు మండింది, అంతే.
చాలాసేపటికి, తప్పుల్లేకుండా, నాలుగు మాటలు కొట్టాను:
అక్కడ గాలి ఎంత ఉంది?

తెరంతా నిండిపోతూ జవాబు:
పదిహేను.

రెండో వారం యెర్కో వచ్చి చూశాడు.
ఎరుపు తగ్గింది, గులాబీ రంగులోకి దిగింది.
"అక్షరాలు మళ్ళీ మామూలుగా చేసెయ్యనా?"

ఉండు నాయనా, అన్నాను.
జూన్ ఒక్కటే అయింది.
ఇంకా మే ఉంది. ఏప్రిల్ ఉంది.